ఐదో ఆటకు ముందు కుర్రాడి సంతకం తీసుకోవాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ మీద మీ ఎన్‌ఆర్‌ఐ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. కొత్తగా చేరిన రన్నింగ్ బ్యాక్‌లలో (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాళ్లలో) ఎవరిని ఆడించాలి, ఎవరిని రెడ్‌షర్ట్ పేరుతో ఏడాది కూర్చోబెట్టాలి అన్నది పూర్తిగా కోచ్ ఇష్టమనీ, అది అలాగే ఉండాలనీ అందులో రాశారు. ఎన్నో ఏళ్లుగా జార్జియాలో ఉంటూ శనివారాలన్నీ ఈ ఆటకే ధారపోస్తున్న నాకు ఆ మాట దగ్గరే పేచీ.

రెడ్‌షర్ట్ అంటే తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు. కాలేజీలో చేరిన దగ్గర్నుంచి ఆటగాడికి ఐదేళ్ల గడువు ఉంటుంది, అందులో నాలుగు సీజన్లు ఆడొచ్చు. మిగిలే ఆ ఒక్క ఏడాది మ్యాచ్‌లు ఆడకుండా ప్రాక్టీసు చేస్తూ, కండ పెంచుకుంటూ గడిపితే దాన్ని రెడ్‌షర్ట్ అంటారు. మన దగ్గర ఇంటర్ అయ్యాక లాంగ్‌టర్మ్‌లో కూర్చున్నట్టన్న మాట. 1937లో నెబ్రాస్కా యూనివర్సిటీలో వారెన్ ఆల్ఫ్‌సన్ అనే కుర్రాడు ఈ ఏడాది నన్ను ఆడించొద్దు, ప్రాక్టీసు మాత్రం చేస్తానని అడిగి, నంబరు లేని ఎర్ర చొక్కాతో మైదానంలో తిరిగాడట. పేరు అలా వచ్చిందని చెబుతారు. గమనించండి, అడిగింది ఆటగాడే. ఇక్కడి మన తెలుగు ఇళ్లలో ఇంకో రకం రెడ్‌షర్ట్ గురించి మాట్లాడుకుంటారు. ఆగస్టులో పుట్టిన పిల్లాణ్ణి సెప్టెంబరు 1 కటాఫ్‌కి ఇప్పుడే కిండర్‌గార్టెన్‌లో వేయాలా, ఇంకో ఏడాది ఆపాలా అని. దాని మీద మొగుడూ పెళ్లాలు ఎంతైనా వాదించుకోవచ్చు, చివరికి తేల్చేది మాత్రం ఇంట్లో వాళ్లే.

ఒకప్పుడు గాయం లాంటి కారణం లేకుండా ఒక్క స్నాప్, అంటే బంతి ఒక్కసారి కదిలినంత సేపు, ఆడినా ఆ సీజన్ ఖర్చయిపోయినట్టే. 2018 జూన్‌లో, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ నిబంధన సడలించింది. ఇప్పుడు నాలుగు ఆటల వరకు ఆడినా రెడ్‌షర్ట్ పోదు. మంచి మార్పే. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. బంతి నలభై సార్లు పట్టుకున్నా ఒక ఆటే, కిక్‌ఆఫ్‌లో ఒక్కసారి పరిగెత్తి బయటికొచ్చినా ఒక ఆటే.

ఆ మెలికలో చిక్కుకున్న కుర్రాడు మా వీధిలోనే ఉన్నాడు. మా అబ్బాయి హైస్కూల్ బ్యాండులో ట్రంపెట్ వాయించే రోజుల్లో అతను అదే స్కూలు టీములో రన్నింగ్ బ్యాక్. తర్వాత ఒక కాలేజీలో స్కాలర్‌షిప్ వచ్చింది. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. మొదటి ఏడాది నీకు రెడ్‌షర్ట్ అని కోచ్‌లు నోటిమాటగా చెప్పారు. సీజన్ షెడ్యూలు అచ్చేసిన అయస్కాంతం ఒకటి వాళ్ల ఫ్రిజ్ మీద ఉండేది. కొడుకు మైదానంలో దిగిన ప్రతి ఆట చుట్టూ వాళ్లమ్మ నల్ల మార్కర్‌తో సున్నా చుట్టేది. అక్టోబరు నెలాఖరుకి నాలుగు సున్నాలయ్యాయి. ఇంక ఈ ఏడాదికి అయిపోయింది అనుకున్నారు. నవంబరులో ఒక ఆటలో వాళ్ల టీము ముప్పై పాయింట్ల పైన ముందుంది, రెండు నిమిషాల ఆట మిగిలింది. సైడ్‌లైన్ దగ్గర ఎవరో అతని భుజం తట్టి లోపలికి పంపారు. పందొమ్మిదేళ్ల పిల్లాడు, కోచ్ వెళ్లమంటే ఆగి లెక్కలు అడుగుతాడా? రెండుసార్లు బంతి పట్టుకుని ఐదు గజాలు పరిగెత్తాడు. ఆ ఐదు గజాలకి ఒక ఏడాది పోయింది. కావాలని చేశారని నేను అనను. ఎవరూ లెక్క చూసుకోలేదు, అంతే.

మూడో ఏట అతనికి మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్ మొదటి సగంలో, 30 శాతం ఆటలు దాటకుండా గాయపడితే ఆ ఏడాది తిరిగి ఇప్పించుకునే వీలుంది. అతను అప్పటికే ఏడు ఆటలు ఆడేశాడు. ఇప్పుడు చివరి ఏడాది నడుస్తోంది. మొదటి ఏడాది దక్కి ఉంటే ఇంకొకటి మిగిలేది.

ఇదంతా ఏ ఆటగాడికైనా వర్తించేదే కదా, రన్నింగ్ బ్యాక్‌ల గొడవే ఎందుకని మీరు అడగొచ్చు. లైన్‌లో, అంటే ఎదుటివాళ్లతో నెట్టుకునే ముందు వరుసలో, ఆడే కుర్రాళ్లకి ఒక ఏడాది జిమ్‌లో గడిపితే లాభమే. పద్దెనిమిదేళ్ల ఒళ్లు ఇరవై రెండేళ్ల వాళ్ల తాకిడికి నిలవదు. రన్నింగ్ బ్యాక్ అలా కాదు. పరుగు వాడికి హైస్కూల్లోనే వచ్చేసి ఉంటుంది. హెర్షెల్ వాకర్ 1980లో జార్జియా యూనివర్సిటీలో చేరిన ఏడాదే 1,616 గజాలు పరిగెత్తి జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు. ఆ సంగతి ఆ యూనివర్సిటీ ఉన్న ఏథెన్స్ ఊళ్లో టీ తాగుతూ ఎవరిని కదిపినా చెబుతారు. కొత్త బ్యాక్‌ని కూర్చోబెట్టేది ఎక్కువగా పరుగు రాక కాదు, పాస్ బ్లాకింగ్, అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాచుకోవడం, రాక. బ్లిట్జ్‌లో (క్వార్టర్‌బ్యాక్ మీదికి) దూసుకొచ్చే ఎదుటి టీము లైన్‌బ్యాకర్ ఎటు నుంచి వస్తాడో స్నాప్‌కి ముందే పసిగట్టి అడ్డంగా నిలబడాలి. పసిగట్టకపోతే దెబ్బ తగిలేది క్వార్టర్‌బ్యాక్‌కి. టీవీ ముందు కూర్చుని 'ఆ ఫ్రెష్‌మన్‌ని (మొదటి ఏడాది కుర్రాణ్ణి) దించరేం' అని అరిచే నాలాంటి వాళ్లకి ఇది కనపడదు. ఆ విషయంలో కోచ్‌లకే ఓటేస్తాను.

అయితే ఈ ఆటలో అందరికన్నా త్వరగా అరిగిపోయేది కూడా బ్యాకే. సౌత్ కరోలినా తరఫున మార్కస్ లాటిమోర్ 2010లో ఫ్రెష్‌మన్‌గానే 249 సార్లు బంతి మోశాడు, 17 టచ్‌డౌన్లు చేశాడు. 2011లో ఒక మోకాలు పోయింది, 2012లో రెండోది. ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక్క ఆటా ఆడకుండానే 2014లో ఆట మానేశాడు. అదే 2014లో జార్జియా ప్రధాన బ్యాక్ టాడ్ గర్లీ మీద సస్పెన్షన్ పడింది, మిగతా బ్యాక్‌లకి గాయాలు. అప్పటిదాకా అడపాదడపా ఆడుతున్న నిక్ చబ్ మిజోరీ మీద 38 సార్లు బంతి మోసి 143 గజాలు పరిగెత్తాడు, ఆ సీజన్ మొత్తానికి 1,547. ఆ ఏడాది అతన్ని కూర్చోబెట్టి ఉంటే మా ఇంట్లో శనివారాలు ఎలా గడిచేవో ఊహించుకోలేను. మరుసటి ఏడాది టెనెసీతో ఆటలో, మొదటి ప్లేకే, అతని మోకాలూ పోయింది. తిరిగొచ్చి నాలుగో ఏడాదీ ఆడాడు, అది వేరే సంగతి.

కూర్చోబెట్టడమే తప్పు అనీ అనలేం. 2013లో అలబామాలో ఒకే బ్యాచ్‌లో చేరిన ఇద్దర్ని చూడండి. డెరిక్ హెన్రీని మొదటి ఏడాది కొద్దికొద్దిగా ఆడించారు, 2015లో అతనికి, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ వచ్చింది. మన వాళ్లు చాలామంది ఉండే ఈ గ్విన్నెట్ కౌంటీలోని నార్‌క్రాస్ కుర్రాడు ఆల్విన్ కమారా, ఆ ఏడాదంతా రెడ్‌షర్ట్‌లోనే ఉన్నాడు. తర్వాత అలబామా వదిలి కమ్యూనిటీ కాలేజీకి, అక్కడి నుంచి టెనెసీకి వెళ్లాడు. టెనెసీలో రెండేళ్లలో అతను బంతితో పరిగెత్తింది 210 సార్లే. 2017లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్తవాళ్లలో ఉత్తముడిగా అవార్డు అతనికే. ఇద్దరూ బాగుపడ్డారు, దారులు వేరు. ఏది మంచిదో చేరిన నాడే చెప్పగల కోచ్ ఎవరూ లేరు.

ఇంకో లెక్క ఉంది. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిస్తే ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లొచ్చు, ఆ మూడేళ్లలో రెడ్‌షర్ట్ ఏడాదీ కలుస్తుంది. అందుకే గొప్ప బ్యాక్‌కి దాంతో పని ఉండదు. విస్కాన్సిన్‌లో జొనాథన్ టేలర్ మూడు సీజన్లాడి 926 సార్లు బంతి మోసి వెళ్లిపోయాడు, నాలుగోది ముట్టుకోనే లేదు. ఆ మిగిలే ఏడాది ఎవరికి ప్రాణమో తెలుసా? మా వీధి కుర్రాడి లాంటి మధ్యస్థాయి ఆటగాడికి. ఇప్పుడైతే మరీను. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025 జూలై నుంచి యూనివర్సిటీలే తమ ఆదాయంలో నేరుగా వాటా ఇస్తున్నాయి. కాలేజీ మారాలని ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెడితే మొదట అడిగేది 'ఇంకా ఎన్నేళ్లు మిగిలాయి' అనే. అంటే ఆ ఏడాదికి వెల ఉంది. వెల ఉన్న వస్తువుని యజమానిని అడక్కుండా మైదానంలో ఖర్చు పెట్టేయడం ఏం న్యాయం?

ఆటగాళ్లూ దీన్ని తమకు అనుకూలంగా వాడుకుంటారని కోచ్‌లు అంటారు, నిజమే. నిబంధన మారిన ఏడాదే క్లెమ్సన్ క్వార్టర్‌బ్యాక్ కెల్లీ బ్రయంట్, తన స్థానం ఫ్రెష్‌మన్ ట్రెవర్ లారెన్స్‌కి ఇచ్చారని నాలుగు ఆటలకే వెళ్లిపోయి ఆ సీజన్ దాచుకున్నాడు. అతన్ని తిట్టిన వాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత ఆలోచిస్తే, అతను లెక్క చూసుకున్నాడు, అంతే కదా అనిపించింది.

ఎవర్ని ఆడించాలన్నది కోచే చూసుకోనివ్వండి. నేను అడిగేది చిన్న పని. ఫ్రెష్‌మన్‌కి నాలుగు ఆటలు పూర్తయ్యాక, ఐదో ఆటకు డ్రెస్ వేయించే ముందు, ఒక కాగితం మీద అతని సంతకం తీసుకోవాలి. ఇప్పటికి ఎన్ని ఆటలయ్యాయి, ఇది ఆడితే ఏం పోతుంది, మిగతా సీజన్‌లో అతన్ని నిజంగా ఎంత వాడాలనుకుంటున్నారు, ఈ మూడూ అందులో ఉండాలి. సంతకం పెట్టనన్నందుకు స్కాలర్‌షిప్‌కి ఎసరు రాకూడదు. ఎన్‌సీఏఏ తలుచుకుంటే నియమం చేయొచ్చు, లేదంటే కాలేజీలు గుంపుగా చేరి ఆడే కాన్ఫరెన్సులైనా చేసుకోవచ్చు. ఎవరు ఎన్ని ఆటలు ఆడారో కాలేజీలో నిబంధనల సంగతి చూసే కంప్లయన్స్ ఆఫీసు దగ్గర ఎలాగూ ఉంటుంది. ఆ అంకె సైడ్‌లైన్ దాకా, కుర్రాడి చేతి దాకా వస్తే చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కమ్మింగ్, జార్జియా