నాన్న ఉత్తరాలు ఆరాయి

ఇద్దరికి దండం పెట్టుకోవాలి. ఇన్నాళ్లూ కుదరలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపానుకి చెన్నై వేళచ్చేరిలో మా ఇంట్లోకి మోకాళ్లదాకా నీళ్లొచ్చాయి. ఫ్రిజ్, సోఫా పోతే పోయాయి. అమ్మ మాత్రం మంచం కింది ట్రంకుపెట్టె గురించే అడుగుతూ కూర్చుంది. అందులో నాన్న శ్రీలంక నుంచి రాసిన 23 ఇన్‌లాండ్ ఉత్తరాలున్నాయి. తీసి చూస్తే అన్నీ కలిసి ఒకటే ముద్ద.

విడదీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు మూడో అంతస్తు పెద్దాయన. పాత పుస్తకాలు బాగుచేసే పనిలో రిటైరయ్యారట. ఏళ్ల తరబడి ఒకే మెట్లెక్కుతున్నాం, నాకా సంగతే తెలీదు. "లాగితే చిరుగుతాయి, వదిలేస్తే బూజు. ముందు గడ్డకట్టించు, ఆరబెట్టడం తీరిగ్గా చూద్దాం" అన్నారు. ఫ్రీజరెక్కడిది, వీధంతా కరెంటే లేదు! పెరంబూరులో ఐస్‌క్రీం షాపు నడిపే తమ్ముడొకడు నీళ్లలో బండి తోసుకుంటూ వచ్చి పట్టుకెళ్లాడు. పది రోజులు కుల్ఫీల పక్కన దాచాడు.

ఆ తర్వాత పెద్దాయన ఒక్కొక్కటీ విడదీసి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పూటపూటకీ కాగితాలు మార్చారు. ఊదా ముద్రలు కారిపోయాయి గానీ బాల్‌పెన్ రాత చెక్కుచెదరలేదు. "మీ నాన్న ఇంకుపెన్ను వాడుంటే నీకు మిగిలేది నీలం నీళ్లే."

నాన్న 1987 అక్టోబరులో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లిన భారత శాంతిసేనలో లారీ డ్రైవరు. పేరుకే శాంతి. అక్కడి అంతర్యుద్ధంలో మనవాళ్లు దాదాపు 1,200 మంది పోయారు. ఉత్తరాల్లో అవేవీ ఉండవు. చిరునామా 56 ఏపీఓ (సైన్యం తపాలా కార్యాలయం), అంతే. "ఇక్కడ మనూళ్లో కంటే తాటిచెట్లెక్కువ. గేదె ఈనిందా?"

అమ్మకప్పుడు చదువు రాదు. బడి మాస్టారు అరుగు మీద అందరికీ వినబడేలా చదివేవారు. అందుకని నాన్న అడుగున ఒక గీత గీసి రాసేవాడు: "మాస్టారు గారూ, ఇక్కడితో ఆపండి. కింది రెండు వరుసలూ ఆమే చదువుకుంటుంది." ఆ రెండు వరుసల కోసం అమ్మ మా అక్క పలక మీద అక్షరాలు దిద్దింది.

1990 మార్చిలో ఆఖరి దళాలు ఓడల్లో ఈ మద్రాసు రేవుకే వచ్చాయి. ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. మా అమ్మ రైలెక్కి వచ్చింది.

23లో 21 దక్కాయి. పెద్దాయన డబ్బు ముట్టలేదు, పెసరట్లు మాత్రం కాదనడం లేదు. గీత కిందవి ఆయన చదివేశారేమో కనుక్కోమని అమ్మ ఒకటే పోరు. మొహమాటపడుతూనే అడిగాను.

నవ్వారు. "మా తాతల కాలం నుంచీ ఇక్కడే కదమ్మా. తెలుగు మాట్లాడతాను గానీ చదవడం రాదు."