నాయనమ్మకి నీళ్లు తాగించే సంగతి

చిన్నీ,

వచ్చే వారం నువ్వు గుంటూరు చేరేసరికి మేము పుణెలో అన్నయ్య దగ్గర ఉంటాం. వదిన పురుడు పోసుకుని కాస్త కోలుకునేదాకా నాయనమ్మ నీ చేతుల్లోనే. మందులు ఏవి ఎప్పుడు వెయ్యాలో నాన్న కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించారు, అది చూసుకుంటే చాలు. నేను రాసేది మాత్రం ఒక్క నీళ్ల గురించే. ఫోన్లోనే చెప్పొచ్చు, కానీ ఆవిడ పక్కన కూర్చుని ఉండగా ఆవిడ గురించి ఆవిడ లేనట్టు మాట్లాడటం నాకు ఇష్టం లేదు. మతిమరుపు వచ్చినంత మాత్రాన మాటలు వినపడకుండా పోవు కదా.

వయసు మీదపడేకొద్దీ దాహం వెయ్యడమే తగ్గిపోతుందట, ఒంట్లో నీళ్లు తగ్గుతున్నా మనకి అనిపించినట్టు వాళ్లకి అనిపించదు, కిడ్నీలు కూడా ఉన్న నీటిని మునుపటిలా పొదుపు చెయ్యలేవు. దానికి డెమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, తోడైతే ఇక చెప్పేదేముంది. దాహం వేసినా అది దాహం అని తెలియదు, తెలిసినా అడగాలని తోచదు, గ్లాసు ఎదురుగా పెట్టినా అది తాగడానికే అని గుర్తుకు రాదు, ఒక్కోసారి తాగేశాను అని గట్టిగా చెబుతుంది కూడా. అబద్ధం చెప్పడం కాదు అది, ఆవిడకి నిజంగా అలాగే అనిపిస్తుంది. అందుకే ఎదురుగా నీళ్లు పెట్టి వచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు.

పోయిన వేసవిలో ఏం జరిగిందో నీకు అప్పుడు పూర్తిగా చెప్పలేదు. ఉన్నట్టుండి ఆవిడ మనిషే మారిపోయింది. పగలంతా మగత, రాత్రి లేచి ఎప్పుడో పోయిన వాళ్ల పేర్లు పెట్టి పిలవడం, నాన్నని చూసి ఎవరు నువ్వు అని భయపడటం. చూడటానికి వచ్చిన చుట్టాలందరూ జబ్బు ముదిరిపోయింది, ఇక ఇంతే అన్నారు. డాక్టర్ గారు మాత్రం ఈ జబ్బు నెలలు, ఏళ్లు తీసుకుని ముదురుతుందే గానీ ఇలా ఒకటి రెండు రోజుల్లో మారదు అని రక్తం, మూత్రం పరీక్షలు రాశారు. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నాయి, దాంతోపాటు యూరిన్ ఇన్ఫెక్షన్. సెలైన్ ఎక్కించి, మందులు వాడాక మెల్లగా మళ్లీ మన నాయనమ్మ మనకి దొరికింది. ఒంట్లో వేరే ఇబ్బంది వచ్చి ఇలా ఉన్నట్టుండి మనిషి గందరగోళంలో పడటాన్ని డెలీరియం అంటారట. కాబట్టి ఆవిడ ఉన్నట్టుండి మరీ మగతగా ఉన్నా, లేని కంగారు మొదలైనా, లేచి నిలబడగానే తూలినా, జబ్బేలే అని ఊరుకోకుండా అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. చర్మం పట్టి లాగి చూసి చెప్పేయడం ముసలివాళ్ల విషయంలో నమ్మకంగా కుదరదు, వయసుకే చర్మం సాగిపోయి ఉంటుంది. మూత్రం రంగు కూడా మందుల వల్ల మారుతుంది, అదొక్కటే పట్టుకుని కూర్చోవద్దు. ఆవిడ మామూలుగా ఎలా ఉంటుందో, ఇవాళ ఎలా ఉందో, ఆ తేడా నువ్వే పట్టుకోవాలి.

ఎంత తాగాలి అంటావా, పెద్ద వయసు ఆడవాళ్లకి రోజుకి కనీసం 1.6 లీటర్లు, మగవాళ్లకి 2 లీటర్లు అని యూరప్ పోషకాహార నిపుణుల సంఘం చెబుతుంది. మన ఇంట్లో గ్లాసు దాదాపు 200 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే ఎనిమిది గ్లాసులు. అన్నీ మంచినీళ్లే కానక్కర్లేదు. పొద్దున కాఫీ, సాయంత్రం టీ, పాలు, మజ్జిగ, రాగి జావ, అన్నంలోకి కాకుండా విడిగా తాగే చారు, అన్నీ లెక్కలోకి వస్తాయి. కాఫీ తాగితే ఒంట్లో నీళ్లన్నీ పోతాయని ఎవరైనా అంటే పట్టించుకోకు, మామూలుగా తాగే ఒకటి రెండు కప్పులకి అలాంటిదేం ఉండదు. ఒక్క జాగ్రత్త, ఆవిడ బీపీకి వేసుకునే వాటిలో మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర ఒకటుంది. ఎండలు ముదిరితే దాని డోసు గురించి డాక్టర్‌ని అడగాలే తప్ప మనంతట మనం ఆపకూడదు. మీ అత్తగారి లాగా గుండె వీక్‌గా ఉన్నవాళ్లకీ, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకీ ఈ ఎనిమిది గ్లాసుల లెక్క పనికిరాదు, వాళ్లకి డాక్టర్ చెప్పిన కొలతే.

ఇక అసలు సంగతి. "నాయనమ్మా, నీళ్లు తాగుతావా?" అని అడగొద్దు. అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ "వద్దమ్మా" అనే. పెద్దదానివి ఇన్ని నీళ్లు తాగకపోతే ఎలా అని గట్టిగా అంటే మొహం తిప్పేసుకుంటుంది, ఆ పూటకి ఇక ఏమీ పుచ్చుకోదు. ఆవిడ చేత తాగించడానికి నువ్వు ఆవిడ అలవాట్లని పట్టుకోవాలి. మాటలు పోయినా, మనుషుల పేర్లు పోయినా ఇంటి పెద్దగా బతికిన అలవాట్లు ఇంకా ఉన్నాయి. మజ్జిగ చిలికి, నిమ్మాకు వేసి, గ్లాసు చేతికిచ్చి "ఉప్పు సరిపోయిందేమో చూడు నాయనమ్మా" అను. ఆవిడ ఒక గుక్క తాగి, నాలుక మీద ఆడించి, కొంచెం తగ్గిందే అంటుంది. ఆ ఇంకొంచెం వేసి మళ్లీ ఇస్తే మళ్లీ తాగుతుంది. ఉప్పు ముందే తక్కువ వేసి ఉంచు, బీపీ మనిషి కాబట్టి ఆ రెండోసారి కూడా చిటికెడే. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ ముందు రెండు గ్లాసులు పెట్టు, వాళ్లకి మంచినీళ్లు ఇమ్మని చెప్పు. వచ్చినవాళ్లు తాగుతుంటే చూసి తనూ తాగుతుంది. ఎవరూ రాకపోతే నువ్వే ఎదురుగా కూర్చుని తాగు. ఒంటరిగా తాగడం కంటే ఎదుటివాళ్లని చూసి తాగడం వాళ్లకి తేలిక.

ఏ రోజైనా ఆవిడకి ఏకాదశి అయిపోతుంది. మంగళవారం పొద్దున్నే "ఇవాళ ఏకాదశి, నేనేం పుచ్చుకోను" అంటే కాదని క్యాలెండర్ చూపించకు. ఉపవాసంలో పాలు తాగొచ్చు, కొబ్బరినీళ్లు తాగొచ్చు, అవే ఇవ్వు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, ఆవిడ వాడే ఇంకో బీపీ మాత్ర కూడా పొటాషియం పెంచుతుందని డాక్టర్ గారు రోజుకి ఒక చిన్న గ్లాసు చాలన్నారు. అది దాటనివ్వకు. ఇంకా మొండికేస్తే పానకం చెయ్యి. బెల్లం, మిరియాలు, యాలకులు, పలచగా. ఆవిడకి షుగర్ లేదు కాబట్టి భయం లేదు. మంగళగిరి కొండ మీద స్వామికి పానకం పోస్తే సగం తీసుకుని సగం ప్రసాదంగా వదులుతాడని నీ చిన్నప్పుడు నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెప్పేది, ఆ నమ్మకం ఆవిడలో ఇంకా చెక్కుచెదరలేదు. ప్రసాదం అంటే రెండు చేతులూ చాచి తీసుకుంటుంది. మోసం చేసినట్టు కాదా అని నువ్వు అడుగుతావని తెలుసు. అందుకే దేవుడి ముందు నిజంగా నైవేద్యం పెట్టి, ఆ గ్లాసే తెచ్చి ఇవ్వు.

స్టీలు గ్లాసు వాడొద్దు, గాజుది అసలే వద్దు. గాజు గ్లాసులో మంచినీళ్లు ఆవిడ కంటికి ఆనవు, స్టీలు గ్లాసు తెల్ల గచ్చు మీదా, స్టీలు పళ్లెం పక్కనా కలిసిపోతుంది. అందుకే ఎర్ర గ్లాసు కొన్నాను. బోస్టన్‌లో 2004లో అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లకి ముదురు ఎరుపు పళ్లాల్లో, కప్పుల్లో పెట్టి చూస్తే తిండి 25 శాతం, తాగేవి 84 శాతం పెరిగాయట. కొద్దిమంది మీద చేసిందే అనుకో, ముదురు నీలం రంగు కూడా పని చేసిందన్నారు. మన ఇంట్లో తేడా నా కళ్లతో చూశాను. నిండా పొయ్యకు, సగమే పొయ్యి, బరువుంటే చెయ్యి వణుకుతుంది. గ్లాసు ఆవిడ చేతిలో పెట్టి, నీ చెయ్యి కింద ఆనించి నోటి దాకా తీసుకెళ్లు, అక్కడి నుంచి ఆవిడే చూసుకుంటుంది.

ఇది మాత్రం రెండుసార్లు చదువు. నాయనమ్మ జన్మంతా గ్లాసు ఎత్తి పోసుకునే తాగింది, ఎంగిలి అని పెదాలకి ఆనించదు. ఇప్పుడు అలా తల వెనక్కి వాల్చి పోసుకుంటే నీళ్లు గొంతులోంచి ఊపిరితిత్తుల దారి పట్టొచ్చు. దానివల్ల వచ్చే న్యుమోనియా ఈ జబ్బు ఉన్నవాళ్లకి చాలా ప్రమాదం. ఆ ఎర్ర గ్లాసు ఆవిడ ఒక్కదానిదే, ఇంకెవరూ ముట్టుకోరు అని చెబితే ఆనించి తాగడానికి ఒప్పుకుంటుంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందకి ఉండేలా చూసి, ఒక గుక్క మింగాకే రెండోది. పడుకోబెట్టి స్పూనుతో పొయ్యడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తాగాక అరగంట కూర్చోనివ్వు. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిన తట్టి ఊరుకోకు. తాగిన ప్రతిసారీ దగ్గుతున్నా, గొంతు తడి తడిగా గరగరమంటున్నా డాక్టర్‌కి చెప్పాలి, మింగడం పరీక్ష చేసి అవసరమైతే చిక్కగా చేసి ఇవ్వమంటారు.

ఆవిడ నీళ్లు వద్దనడానికి ఇంకో కారణం ఉంది, నోరు తెరిచి చెప్పదు. తాగితే బాత్రూంకి వెళ్లాలి, దారి గుర్తుండదు, చీర తడుస్తుందేమోనని సిగ్గు. రెండు గంటలకోసారి అడక్కుండానే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు, బాత్రూం లైటు వేసే ఉంచు. రోజూ తాగాల్సింది చాలా మటుకు సాయంత్రం లోపే అయిపోవాలి, రాత్రి మాత్రలకి అరగ్లాసు చాలు, లేకపోతే చీకట్లో లేచి పడిపోతుందేమోనని నాకు టెన్షన్.

మధ్యాహ్నాలు పుచ్చకాయ ముక్కలు, కీరదోస, గింజల్లేకుండా. ముంజలు పైపొట్టు తీసి చిన్నగా కోసి ఇవ్వు, లోపలి నీళ్లు కారిపోకముందే. ఇవన్నీ తొంభై శాతం దాకా నీళ్లే. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ దాని మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే సరిగ్గా అన్ని నీళ్లలో, పెద్ద ప్యాకెట్ అయితే లీటరులో, కలిపి, 24 గంటల్లో వాడి మిగిలింది పారబొయ్యి. మామూలు రోజుల్లో దాని అవసరం లేదు, అందులో ఉప్పు ఉంటుంది. షాపులో డబ్బాల్లో అమ్మే తియ్యటి జ్యూసుల్ని ఓఆర్ఎస్ అనుకుని తేకు. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడితే 2025 అక్టోబర్‌లో కానీ ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాటి మీద ఆ పేరు వాడకూడదని చెప్పలేదు. ఓఆర్ఎస్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడు.

నువ్వు ఒక్కదానివే అనుకోకు. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని అంచనా, అన్ని ఇళ్లలోనూ ఇదే తంటా. ఏదైనా దిక్కుతోచకపోతే పెద్దల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చెయ్యి, అదీ ఫ్రిజ్ మీద రాసి పెట్టాను. ఎర్ర గ్లాసు సింకు పక్కన పై అరలో ఉంటుంది, ఇంకోటి కూడా కొని బీరువాలో పెట్టాను. ముంజలబ్బాయికి రోజూ పొద్దున తొమ్మిదింటికి రమ్మని చెప్పాను, డబ్బులు వారానికోసారి ఇవ్వు. బస్సెక్కగానే మెసేజ్ పెట్టు.

అమ్మ