వీసా తిరస్కరణ లేఖ చదివి చెప్పే మనిషి జిల్లాకు ఒకరు కావాలి: ముఖ్యమంత్రి గారికి ఒక బత్తాయి రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారికి,

నమస్కారం. నాది నల్లగొండ జిల్లా గుర్రంపోడు మండలం. ఆరెకరాల బత్తాయి తోట మీద బతికే కుటుంబం మాది. ఈ జనవరిలో మా అమ్మాయికి కెనడా స్టూడెంట్ వీసా రాలేదు. వీసా ఇప్పించమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. అది మీ చేతిలో లేదని నాకు తెలుసు. కానీ వీసా రాకపోతే ఎందుకు రాలేదో తెలుసుకునే వీలు, ఆ నిర్ణయం తప్పైతే గడువులోపు సవాలు చేసే హక్కు మా పిల్లలకు ఉన్నాయి. ఆ సంగతి మాకు తెలిసేలోపే గడువు దాటిపోయింది. ఇంకో ఇంట్లో ఇలా జరగకుండా చూడటం మీ చేతిలో ఉంది.

మా అమ్మాయి బీటెక్‌లో ఫుడ్ టెక్నాలజీ తీసుకుంది. 2020 లాక్‌డౌన్‌లో ఢిల్లీకి పోవాల్సిన లారీలు ఆగిపోయాయి. వేసవిలో కోతకు వచ్చే కత్తెర కాపు చెట్ల కిందే రాలి కుళ్లింది. బోర్లు ఎండిన ఏడాది ట్యాంకర్లతో నీళ్లు పోసి బతికించుకున్న చెట్లవి. అప్పుడు తను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. కాయ పాడవకుండా ఎన్ని రోజులు నిల్వ పెట్టవచ్చు, రసం తీస్తే చేదు రాకుండా ఏం చేయాలి అని ఆ రోజుల నుంచే అడిగేది. కెనడాలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో దీని మీదే మాస్టర్స్ సీటు తెచ్చుకుంది. సీటు తన కష్టంతోనే వచ్చింది. కాగితాల పని మాత్రం హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీకి ఇచ్చాం. అదే మేం చేసిన పొరపాటు.

డబ్బు ఎక్కడిదో కూడా చెప్తాను, ఎందుకంటే అసలు విషయం అక్కడే ఉంది. మా వైపు బత్తాయి ఎట్లా అమ్ముతామో మీకు తెలియనిది కాదు. వ్యాపారి వచ్చి తోటంతా తిరిగి చూసి, కాయ చెట్టు మీద ఉండగానే గుత్తకు మాట్లాడుకుంటాడు. కొంత అడ్వాన్స్ ఇస్తాడు, మిగతాది కోత అయ్యాక ఒక్కసారే ఇస్తాడు. మొన్న సీజన్ కాపుకు అట్లా ఎనిమిది లక్షలు వచ్చాయి. మల్లేపల్లి దగ్గర ఇంటి జాగా అమ్మితే పదిహేడు లక్షలు వచ్చాయి. రెండూ నెల రోజుల తేడాతో నా ఖాతాలో పడ్డాయి. అంతకుముందు ఆ ఖాతాలో ఎప్పుడూ యాభై వేలు దాటి లేవు. వ్యవసాయ ఆదాయం మీద పన్ను లేదు కాబట్టి నా పేరు మీద ఐటీ రిటర్నులూ లేవు.

జనవరి 9న తిరస్కరణ లేఖ వచ్చింది. దరఖాస్తులో ఇచ్చిన ఈమెయిల్ కన్సల్టెన్సీది కావడంతో లేఖ వాళ్లకే వెళ్లింది. మాకు జనవరి 20న వాట్సాప్‌లో ఒక పేజీ ఫోటో పంపారు. చదువు అయ్యాక తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదని, ఆర్థిక స్తోమత సరిపోలేదని అందులో ఉంది. "ఏం ఫికర్ చేయకండి అంకుల్, అందరికీ ఇట్లనే వస్తది, మళ్లీ అప్లై చేద్దాం" అని ఇంకోసారి ఫీజు కట్టించుకున్నారు. ఒక్క కాగితం మార్చకుండా అదే ఫైలు మళ్లీ పంపారు. మార్చిలో రెండోసారీ రాలేదు. అప్పుడు మా అమ్మాయి వాళ్ల ఆఫీసులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని లాగిన్, పాస్‌వర్డ్ తీసుకుని వచ్చింది. మార్చి 21 రాత్రి మొదటి లేఖ పూర్తిగా తెరిచి చూశాం. లేఖ వెనకే అధికారి రాసుకున్న నోట్స్ ఉన్నాయి. 2025 జులై చివరి నుంచి కెనడా ఇలాంటి నోట్స్‌ను తిరస్కరణ లేఖతోపాటే ఇస్తోంది. ఖాతాలో ఇటీవల పెద్ద మొత్తాలు పడ్డాయి, అవి ఎక్కడివో ఆధారం లేదు, ఈ చదువు ఈ అమ్మాయికి ఎందుకు అవసరమో స్పష్టంగా లేదు అని అందులో రాసి ఉంది.

సార్, ఆ రాత్రి తన స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఈ చదువు ఎందుకో వివరించే లేఖ కూడా మొదటిసారి సరిగ్గా చదువుకున్నాం. కన్సల్టెన్సీ వాళ్లు రాసింది. ప్రపంచ స్థాయి విద్య, బహుళ సంస్కృతుల వాతావరణం అని రెండు పేజీలు ఉంది. అందులో ఒక్కచోట కూడా బత్తాయి అన్న మాట లేదు. గుర్రంపోడు లేదు. గుత్త ఒప్పంద కాగితం, జాగా అమ్మిన రిజిస్ట్రేషన్ పత్రం, పట్టాదారు పాసుపుస్తకం అన్నీ మా ఇంట్లో బీరువాలో ఉన్నాయి. వాటిని ఎవరూ అడగలేదు. ఆ అధికారి మీద నాకు కోపం లేదు. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మా బీరువాలోనే ఉంది.

అప్పుడు తెలిసింది, కెనడా బయట ఉన్నవాళ్లు ఇలాంటి నిర్ణయం మీద అక్కడి ఫెడరల్ కోర్టుకు వెళ్లవచ్చని. నిర్ణయం తెలిసిన నాటి నుంచి 60 రోజులు గడువు. కోర్టు ఫీజు 50 కెనడా డాలర్లు, లాయర్ ఖర్చు వేరే. కోర్టు వీసా ఇవ్వదు. అధికారి తన ముందున్న కాగితాలను సరిగ్గా చూశాడా, చెప్పిన కారణం నిలబడుతుందా అని చూస్తుంది. నిలబడకపోతే వేరే అధికారి మళ్లీ చూడాలని పంపుతుంది. జనవరి 9 నుంచి లెక్కేస్తే మేం మొదటి లేఖ మొత్తం చూసేసరికి 71 రోజులైంది. గడువు పెంచమని అడగవచ్చు కానీ దానికి బలమైన కారణం చూపాలి. అక్కడ చదువుతున్న మా ఊరి అబ్బాయి ఒక లాయర్‌ను కలిసి మా సంగతి అడిగాడు. ఆయన ఇంకో మాట కూడా చెప్పాడట. మా ఫైలులో ఆ కాగితాలే లేవు కాబట్టి కోర్టుకు వెళ్లినా లాభం తక్కువేనని, ఆధారాలు అన్నీ పెట్టి కొత్తగా దరఖాస్తు చేయడమే మా దారి అని. ఇదే మాట జనవరిలో ఎవరైనా చెప్పి ఉంటే రెండో ఫీజు, మూడు నెలల టెన్షన్, ఆ సీటు మిగిలేవి.

మా అమ్మాయి స్నేహితురాలిది దేవరకొండ వైపు. తనది మాకు పూర్తిగా ఎదురు. ఆదాయం కాగితాలు, బ్యాంకు లోను మంజూరు లేఖ అన్నీ పెట్టింది. అయినా ఆర్థిక ఆధారాలు లేవని రాశారు. తను కోర్టుకు వెళ్లాల్సిన మనిషి. కానీ 60 రోజుల సంగతే తనకు తెలియదు. ఒకరిది కోర్టు దారి, ఒకరిది కొత్త దరఖాస్తు దారి. ఏది ఎవరిదో లేఖ చదివి చెప్పేవాళ్లు లేక ఎవరి దారీ వాళ్లకు సమయానికి అందలేదు.

దేశానికో పద్ధతి ఉంది. బ్రిటన్ స్టూడెంట్ వీసా ఇవ్వకపోతే అక్కడి ప్రభుత్వాన్నే పునఃపరిశీలన అడగవచ్చు, మన దగ్గర నుంచి అయితే 28 రోజుల్లోపు, ఫీజు 80 పౌండ్లు. అమెరికా 214(బి) సెక్షన్ కింద, అంటే తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదని తిరస్కరిస్తే అప్పీలే లేదు, మళ్లీ ఫీజు కట్టి దరఖాస్తు చేయడమే.

నియమాలు మారే వేగం అయితే చెప్పలేను. కెనడాలో జీవన ఖర్చులకు చూపించాల్సిన డబ్బు 2023 చివరి దాకా 10,000 కెనడా డాలర్లు. 2024 జనవరి నుంచి 20,635 చేశారు. 2025 సెప్టెంబరు నుంచి 22,895. అదే 2024 నవంబరు 8న త్వరగా వీసా ఇచ్చే ఎస్‌డీఎస్ పద్ధతిని తీసేశారు. అక్కడి రాష్ట్రం ఇచ్చే ధ్రువీకరణ లేఖ మాస్టర్స్ వాళ్లకు 2024లో అక్కర్లేదన్నారు, 2025లో కావాలన్నారు, 2026 జనవరి నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చేరేవాళ్లకు మళ్లీ అక్కర్లేదన్నారు. మేం నవంబరులో ఆ లేఖ కోసం తిరిగి తిరిగి తెచ్చుకున్నాం. నెలన్నరకు ఆ నియమమే పోయింది. ఇవన్నీ గుర్రంపోడులో కూర్చుని మేమెట్లా తెలుసుకుంటాం సార్?

మన ప్రభుత్వ విదేశీ విద్యానిధి గురించి కూడా ఒక మాట. 20 లక్షలు ఇస్తున్నారు, పేద పిల్లలకు అది చాలా పెద్ద అండ. కానీ మొదటి విడత అక్కడ దిగిన ఆధారం చూపిస్తేనే వస్తుంది. వీసా అధికారి డబ్బు చూపించమనేది బయలుదేరక ముందు. ఆ డబ్బు చూపలేకనే కదా పేదవాళ్లు విద్యానిధి వైపు చూసేది. ఎంపికైన విద్యార్థికి వీసా కంటే ముందే, ఈ మొత్తం ప్రభుత్వం ఇస్తుందని స్పష్టంగా ఇంగ్లిష్‌లో రాసిన హామీ పత్రం చేతికిస్తే వాళ్ల ఫైలు బలపడుతుంది. దీనికి ఖజానా నుంచి అదనంగా ఒక్క రూపాయి కూడా పోదు.

2024 సెప్టెంబరులో ప్రజాభవన్‌లో గల్ఫ్ కార్మికుల కోసం ప్రవాసీ ప్రజావాణి పెట్టారు. మంచి పని చేశారు. చదువుకు పోయే పిల్లల కోసం అలాంటిదే ఒక బల్ల జిల్లా కలెక్టరేట్‌లో, సోమవారం ప్రజావాణి రోజునే పెట్టించండి. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, ఎక్కడైనా సరే. అక్కడ కూర్చునే మనిషి వీసా ఇప్పించనక్కర్లేదు. తిరస్కరణ లేఖ మొత్తం చదివి, గడువు ఏ తేదీకి అయిపోతుందో కాగితం మీద రాసిచ్చి, ఇది సవాలు చేయాల్సిందా, ఆధారాలు చేర్చి మళ్లీ పెట్టాల్సిందా చెప్తే చాలు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో లాయర్లు ఉన్నారు, వాళ్లలో ఇద్దరికి శిక్షణ ఇప్పించవచ్చు.

కన్సల్టెన్సీల సంగతి కూడా చూడండి. గల్ఫ్‌కు కూలీలను పంపే ఏజెంటు 1983 వలస చట్టం కింద లైసెన్సు తీసుకోవాలి. చదువుకు పంపేవాళ్లకు ఆ చట్టం వర్తించదు. పంజాబ్ ప్రభుత్వం తన సొంత చట్టంతో ఇలాంటి కన్సల్టెన్సీలకు, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు కోచింగ్ ఇచ్చే సెంటర్లకు కూడా లైసెన్సు తప్పనిసరి చేసింది. మనమూ చేయవచ్చు. అందులో ఒక్క నిబంధన మాత్రం మరిచిపోవద్దు: దరఖాస్తులో విద్యార్థి సొంత ఈమెయిలే ఉండాలి, ఫైలు మొత్తం విద్యార్థి చేతికి ఇవ్వాలి. మా ఇంట్లో ఆ ఒక్కటి జరిగి ఉంటే జనవరి 9నే లేఖ చూసేవాళ్లం.

మీరు పాలమూరు పల్లె నుంచి వచ్చినవారు. కొడుకునో కూతురునో పంపడానికి ఇంటి జాగా అమ్ముకున్న ఇల్లు ఎట్లుంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మా అమ్మాయి కొత్త దరఖాస్తు ఈసారి తనే రాసుకుంటోంది. మొదటి వాక్యం 2020లో చెట్ల కింద కుళ్లిన కాయ గురించి పెట్టింది. గుత్త ఒప్పందాన్ని ఇంగ్లిష్‌లోకి మార్పించి నోటరీ చేయించాం. రెండు తిరస్కరణ లేఖల నకళ్లు ఈ లేఖతో జత చేస్తున్నాను. మీ కార్యాలయం నుంచి ఎవరైనా మాట్లాడాలంటే నల్లగొండకైనా హైదరాబాద్‌కైనా వస్తాను. ఈ నెలాఖరుకు కత్తెర కాపు కోత ఉంది, ఆ నాలుగు రోజులు మాత్రం తోట దగ్గరే ఉంటాను.

ఇట్లు,
ఒక బత్తాయి రైతు,
గుర్రంపోడు మండలం, నల్లగొండ జిల్లా