‘అడ్వాన్సు లేని అద్దె’ పథకాన్ని ఎందుకు ఆపుతున్నామో మా ఖాతాదారులకు వివరణ

గౌరవనీయులైన ఇంటి యజమానులకు, అద్దెదారులకు నమస్కారాలు.

నిజాంపేట, ప్రగతినగర్, మియాపూర్ ప్రాంతాలలో మీ ఇళ్ల అద్దె వ్యవహారాలు చూస్తున్న మా సంస్థ, గత ఏడాది దసరాకు మొదలుపెట్టిన ‘అడ్వాన్సు లేని అద్దె’ పథకాన్ని ఈ నెలాఖరుతో ఆపివేస్తోంది. దానికి గిరాకీ బాగానే ఉంది. అయితే మేము దానిని మీకు వివరించిన తీరులో లోపం ఉంది. చట్టం ముందు నిలిచే పద్ధతి కాదని కూడా ఆలస్యంగా తెలుసుకున్నాం. ఈ రెండు సంగతులూ దాచకుండా చెప్పడానికే ఈ వివరణ.

హైదరాబాదులో కుటుంబాలకు ఇచ్చే ఇళ్లకు సాధారణంగా రెండు నెలల అద్దె అడ్వాన్సుగా అడుగుతారు. బెంగళూరులో పది నెలలది అడిగే రివాజు ఉన్నదని అక్కడి నుంచి బదిలీపై వచ్చినవారికి తెలిసిందే. రెండు నెలలే అయినా భారం తక్కువ కాదు. 18,000 రూపాయల అద్దె ఇంట్లో పాలు పొంగించాలంటే 36,000 అడ్వాన్సు, మొదటి నెల అద్దె, సామాను బండి ఖర్చు ఒకేసారి చేతిలో ఉండాలి; పాత ఇంటి అడ్వాన్సు మాత్రం ఆ ఇల్లు ఖాళీ చేస్తే గాని రాదు. ఆ మధ్య రోజుల కోసం బంగారం కుదువ పెట్టినవారిని మేము చూశాం. అందుకే 36,000 బదులు నెలకు 700 రూపాయల రుసుము మాకు చెల్లిస్తే చాలునని, ఖాళీ చేసేటప్పుడు ఇంటికి నష్టం కనబడితే రెండు నెలల అద్దె వరకు యజమానికి మేము చెల్లించి, ఆ మొత్తాన్ని తరువాత అద్దెదారు నుంచి రాబట్టుకుంటామని పథకం పెట్టాం.

లోపమంతా ఆ చివరి మాటలోనే ఉంది. ఈ మధ్య ప్రగతినగర్‌లో ఒక కుటుంబం ఇల్లు ఖాళీ చేసినప్పుడు, వంటింటి గట్టు మీది గ్రానైటు, సింకు పక్కన అడ్డంగా పగిలి ఉంది. పడకగది గోడకు టీవీ కోసం, అరల కోసం డ్రిల్లుతో వేసిన రంధ్రాలు ఎనిమిది ఉన్నాయి. మేస్త్రీ వేసిన లెక్క ప్రకారం 9,400 రూపాయలు యజమానికి చెల్లించి, ఆ మొత్తం ఇవ్వవలసిందిగా ఆ ఇంటి ఇల్లాలికి కబురు చేశాం. ఆమె పాల లెక్కలు రాసుకునే నోటుపుస్తకం తెచ్చి, పదకొండు నెలలు వరుసగా రాసుకున్న 700 అంకెలను మాకు చూపించి, “మరి ఈ 7,700 దేనికి కట్టించుకున్నారండీ?” అని అడిగారు. నష్టం భారం అద్దెదారుదేనన్న షరతు అగ్రిమెంటులో ఉన్నది నిజమే కాని, అది మూడవ పేజీలో ఇంగ్లీషులో ఉంది. సంతకం పెట్టించిన రోజున మాలో ఎవ్వరమూ ఆమెకు దానిని తెలుగులో చదివి వినిపించలేదు. తాము కట్టేది బీమా వంటిదని ఆ కుటుంబం అనుకున్నదంటే తప్పు మాదే. ఆ 9,400 మేమే భరించాం.

ఆ రాత్రి కూర్చుని, పథకం పెట్టిన రోజునే వేయవలసిన లెక్క వేశాను. 36,000కు నెలకు 700 అంటే దాదాపు రెండు రూపాయల వడ్డీ. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పుకైనా అసలు కట్టేస్తే బాకీ తీరిపోతుంది; ఇక్కడ రెండేళ్లలో 16,800 కట్టిన తరువాత కూడా నష్టం బాకీ అద్దెదారు నెత్తినే ఉంటుంది. అడ్వాన్సు ఎంత బరువైనా తిరిగి వచ్చే సొమ్ము, రుసుము తిరిగి రాదు. మేము సాయమనుకున్నది వారికి ఖరీదైన అప్పుగా మారింది.

చట్టం సంగతి మా న్యాయవాది చెప్పారు. పలువురి దగ్గర రుసుము తీసుకుని, ఎవరికైనా నష్టం వస్తే చెల్లిస్తామని మాట ఇవ్వడం బీమా వ్యాపారం కిందకు వచ్చే ప్రమాదం ఉంది. 1938 బీమా చట్టం ప్రకారం నమోదు లేకుండా ఆ వ్యాపారం చేయకూడదు. 2022 ఏప్రిల్ 1 నుంచి బీమా కంపెనీలు ష్యూరిటీ బాండ్లు, అంటే ఒకరు మాట తప్పితే నష్టం తాము చెల్లిస్తామనే హామీ పత్రాలు, ఇవ్వడానికి మార్గదర్శకాలు వచ్చాయి కాని, అవి రహదారుల వంటి నిర్మాణ కాంట్రాక్టులను దృష్టిలో పెట్టుకుని చేసినవి. బ్యాంకు గ్యారంటీ తెచ్చుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. దానికి బ్యాంకులు సాధారణంగా అంతే మొత్తం డిపాజిట్ చూపమంటాయి కనుక జీతగాళ్లకు ఒరిగేది లేదు.

కాబట్టి ఇకపై ప్రవేశించేటప్పుడు ఒక నెల అద్దె మాత్రమే అడ్వాన్సుగా ఇచ్చి, రెండవ నెలది ఆరు వాయిదాలలో అద్దెతో పాటు కట్టే పద్ధతి ఉంటుంది. 18,000 అద్దె ఇంటికి వాయిదా 3,000 అవుతుంది. యూపీఐ ఆటోపేలో 15,000 వరకు ప్రతిసారీ పిన్ కొట్టనవసరం లేదు కనుక వాయిదా తప్పే బాధ తక్కువ. ఆ సొమ్ము నేరుగా యజమాని ఖాతాకు వెళుతుంది, మా చేతుల మీదుగా పోదు.

కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి తండ్రి గాని, అన్న గాని హామీ సంతకం పెడితే రెండవ నెలది కూడా అడగవద్దని కొందరు యజమానులను ఒప్పించాం. అయితే 1872 కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, హామీదారు బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. అందువల్ల రెండు నెలల అద్దెకు మించి హామీదారును అడగరాదని స్పష్టంగా రాస్తాం, ఆ పెద్దమనిషికి స్వయంగా చదివి వినిపిస్తాం.

మా నిర్వహణలోని ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి మారేవారికి మరొక వెసులుబాటు ఉంది. ఖాళీ చేయడానికి పదిహేను రోజుల ముందే ఇల్లు చూసి కోతలు తేల్చి, మిగిలిన అడ్వాన్సును పాత యజమాని నేరుగా కొత్త యజమానికి పంపేలా చూస్తాం. బంగారం కుదువ పెట్టవలసి వచ్చేది ఈ సందులోనే కనుక, నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన పద్ధతి ఇది.

యజమానులకు ఒక విన్నపం. ‘వచ్చే అద్దెదారు అడ్వాన్సు ఇచ్చాక నీది ఇస్తాను’ అనే మాట ఇకపై మా అగ్రిమెంట్లలో చెల్లదు. 2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలలకు మించరాదని, ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజునే కోతలు పోను తిరిగి ఇవ్వాలని చెబుతోంది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అయినా న్యాయమైన మాట కనుక మా అగ్రిమెంట్లలో రాస్తున్నాం. దయచేసి అడ్వాన్సు సొమ్మును వేరే ఖాతాలో ఉంచండి. అలాగే కాలక్రమేణా వెలిసిన రంగును నష్టంగా లెక్కకట్టి, పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె కోయడాన్ని మేము సమర్థించలేము. చేరిన రోజున గోడలు, కుళాయిలు, వంటగట్టు, కరెంటు మీటరు ఫోటోలు తీసి ఇరువైపులా సంతకాలు తీసుకుంటాం కనుక, నిజమైన నష్టం ఏదో తేలిపోతుంది.

ప్రస్తుతం పథకంలో ఉన్న అద్దెదారులు ఇంతవరకు కట్టిన రుసుము మొత్తాన్ని వారి అడ్వాన్సుగా లెక్కించి, రెండు విడతలలో మా సొంత సొమ్ము నుంచి యజమానులకు చెల్లిస్తాం. తక్కువైనంత మేరకే వాయిదాలు ఉంటాయి. ఈ నెల నుంచి ఎవరూ 700 పంపవద్దు. పాత అగ్రిమెంటు ప్రతి తీసుకుని ఏ ఆదివారమైనా ఆఫీసుకు రండి. కొత్తది తెలుగులో సిద్ధంగా ఉంది. ఇంటికి తీసుకువెళ్లి, ఇంట్లో అందరూ చదివిన తరువాతనే సంతకం పెట్టవచ్చు.