జీర్ణాశయ ఆపరేషన్ తర్వాత బీ12 ఇంజెక్షన్ ఊళ్లోనే అందాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక, ఉన్న ఎకరం అమ్ముకోకుండా క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయించుకోగలగడం మా వంటి కుటుంబాలకు దక్కిన గొప్ప మేలు. ఆ మేలును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ కుట్లు విప్పి ఇంటికి పంపాక రోగి ఏం తినాలి, ఏ మందు ఎన్నాళ్లు వాడాలి, తేడా చేస్తే ఊళ్లో ఎవరిని అడగాలి అన్న విషయాలు చాలామందికి డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లిషులో రాసిన ఒకటి రెండు వాక్యాలుగానే అందుతున్నాయి. క్యాన్సర్ వల్ల మా నాన్నగారికి జీర్ణాశయం పూర్తిగా తొలగించినప్పుడు మాకూ అంతే అందింది.

జీర్ణాశయం మొత్తం తీసేస్తే అన్నవాహికను చిన్నపేగుతో కలుపుతారు. తిన్నది కాసేపు నిలిచే చోటే ఉండదు కనుక రోజుకు ఆరేడుసార్లు, కొద్దికొద్దిగా, బాగా నమిలి తినాలి. నీళ్లు అన్నంతోపాటు కాకుండా అరగంట ముందో వెనకో తాగాలి. మన ఇళ్లలో ప్రేమ కొద్దీ చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. నీరసంగా ఉన్నారని బెల్లం వేసిన రాగిజావ గ్లాసు నిండా ఇస్తే, కాసేపటికే నాన్నగారికి ఒళ్లంతా చెమటలు పట్టి, గుండె దడ వచ్చి, కడుపు మెలిపెట్టి విరేచనమైంది. బీపీ పడిపోయిందని ఇరుగుపొరుగు గ్లూకోజు నీళ్లు కలిపి తెచ్చారు. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగడం వల్ల వచ్చిన ఈ అవస్థను వైద్యులు డంపింగ్ సిండ్రోమ్ అంటారు. దీనికి మళ్లీ తీపి ఇస్తే ఎక్కువవుతుంది, రోగిని కాసేపు పడుకోబెట్టాలి. అయితే తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య వచ్చే రెండో రకంలో రక్తంలో చక్కెర నిజంగానే పడిపోతుంది, అప్పుడు తీపి ఇవ్వక తప్పదు. తిని ఎంతసేపయిందో గమనించాలన్న ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే ఎన్ని ఇళ్లలో కంగారు తప్పుతుందో!

అంతకంటే ప్రమాదకరమైనది, ఏళ్ల తరబడి బయటపడనిది బీ12 లోపం. జీర్ణాశయపు లోపొర తయారుచేసే ఒక ప్రొటీన్ తోడుంటేనే ఆహారంలోని బీ12 చిన్నపేగు చివరి భాగంలో ఒంటికి పడుతుంది. జీర్ణాశయమే లేనప్పుడు ఎన్ని గుడ్లు, ఎంత మాంసం పెట్టినా ఆ విటమిన్ దాదాపుగా అందదు. కాలేయంలోని నిల్వ కొన్నేళ్లు కాపాడుతుంది కనుక, ఆపరేషన్ సంగతి అందరూ మరిచిపోయే సమయానికి అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు మొదలవుతాయి. వాటిని వయసు మీద పడటం వల్ల వచ్చినవిగా కొట్టిపారేస్తారు. రక్తం తక్కువగా ఉందని ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మాత్రమే ఇస్తే ఇంకా చిక్కు: ఫోలిక్ యాసిడ్ వల్ల రక్తపరీక్ష మెరుగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా పూడదు. జీర్ణాశయం మొత్తం తీసేసినవారికి నెలకో మూడు నెలలకో ఒక ఇంజెక్షన్, లేదా వైద్యులు రాసే ఎక్కువ మోతాదు మాత్రలు, జీవితాంతం కావాలి. కొంత భాగమే తీసినవారికీ బీ12 పరీక్ష చేయిస్తూ ఉండాలి.

క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే పరీక్షలకు మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత కొంత ఎడంగా, ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే వెళ్లాలి. దానికి ఎంత దూరమైనా వెళ్తాం. కానీ ఒక ఇంజెక్షన్ కోసం నిలబడలేని మనిషిని బస్సెక్కించి నగరానికి తీసుకెళ్లాల్సిన పని ఉండకూడదు.

కాబట్టి రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఈ ఆపరేషన్ అయిన ప్రతి రోగికీ డిశ్చార్జి రోజునే ఆహార నియమాలు, ఇంజెక్షన్ తేదీలు, ప్రమాద సూచనలు ఉన్న తెలుగు కార్డు ఇవ్వాలి. బీ12 ఇంజెక్షన్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పల్లె దవాఖానల్లో, విలేజ్ క్లినిక్‌లలో ఎప్పుడూ అందుబాటులో ఉంచాలి. కార్డు నకలు ఊరి ఏఎన్ఎంకు చేరితే, తేదీ దాటినప్పుడు ఆమె ఇంటికొచ్చి గుర్తుచేయగలదు. గర్భిణులకు, పసిపిల్లల టీకాలకు ఆమె ఇప్పటికే చేస్తున్న పని అదే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి