ఆ కేసెట్ ఇంకా నా దగ్గరే ఉంది

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జాజ్ గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. తెలుగు పత్రికలో జాజ్‌కి ఒక పేజీ దక్కడమే అపురూపం కాబట్టి మొదటిసారి సంబరంగా చదివాను. రెండోసారి మాత్రం ఒళ్లు మండింది. 1959లో వచ్చిన ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ రికార్డు ‘కైండ్ ఆఫ్ బ్లూ’తో జాజ్ శిఖరం ఎక్కేసిందట, అక్కడి నుంచి అంతా దిగుడేనట, ఇప్పటి కుర్రకారుకి వేళ్ల వేగం తప్ప ఏమీ లేదట. ఆ రికార్డంటే నాకూ ప్రాణమే. కానీ నాకు అది పరిచయమైన తీరు వేరు. అది కాస్త చెప్పనివ్వండి.

నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. ముప్పై ఏళ్లు టేప్ రికార్డర్లు బాగుచేసినవాణ్ణి. 1980ల చివర్లో ఒకాయన కేసెట్ డెక్ ఒకటి రిపేరుకిచ్చి వెళ్లారు. లోపల కేసెట్ ఉండిపోయింది. బెల్టు మార్చి, హెడ్ తుడిచి, పరీక్ష కోసం దాన్నే వేశాను. ముందు డబుల్ బేస్ అనే పెద్ద తీగ వాద్యం ఏదో అడుగుతుంది. మిగతావాళ్లంతా కలిసి రెండే రెండు ముక్కల్లో జవాబిస్తారు. మళ్లీ అడుగుతుంది, మళ్లీ అదే జవాబు. స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి ఆ వైపు మొత్తం వినేశాను. ఆ కేసెట్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ అని, ఆ ముక్క పేరు ‘సో వాట్’ అని తర్వాత అట్ట మీద చూశాను.

అప్పట్లో మా అమ్మాయి కీబోర్డు నేర్చుకుంటోంది. ఆ బేస్ అడిగే ప్రశ్నని తనూ వాయించాలని కూర్చుంది. ఎంతకీ కుదరదు. ఈ మెట్టు నొక్కితే టేపు కాస్త పైన, పై మెట్టు నొక్కితే కాస్త కింద. తప్పు నాదే అనుకున్నాను. మోటారు స్పీడు ఎక్కువైందని దాని స్క్రూ వెంట్రుకవాసి తిప్పాను, కుదిరింది. కేసెట్ తిరగేసి ‘ఆల్ బ్లూస్’ వేస్తే అది కిందికి జారింది! స్క్రూ వెనక్కి తిప్పితే ఇది సరి, అది హెచ్చు. టేపుని లాగే రబ్బరు చక్రం, పించ్ రోలర్, కూడా మార్చి చూశాను. ఒకే మోటారు, ఒకే కేసెట్, ఒక వైపు జ్వరం, రెండో వైపు ఆరోగ్యం. నా సర్వీసులో అలాంటి జబ్బు చూడలేదు.

నిజం తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ రికార్డుని న్యూయార్క్‌లో కొలంబియా రికార్డు కంపెనీ వాళ్ల 30వ వీధి స్టూడియోలో రెండు రోజులు చేశారు, 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న. మార్చి రోజున అసలు టేపు ఎక్కించిన మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా ఎక్కినదాన్ని మామూలు స్పీడులో వినిపిస్తే శ్రుతి పెరుగుతుంది కదా. మొదటి వైపున్న మూడు ముక్కలూ ఆ రోజువే. 1992లో మళ్లీ విడుదల చేసినప్పుడు, ఆ రోజు పక్కనే నడిచిన రెండో మెషీన్ టేపు తీసి సరిచేశారు. అంటే 33 ఏళ్లపాటు లోకమంతా జాజ్ శిఖరాన్ని శ్రుతి తప్పే వింది. నా బెల్టూ మంచిదే, నా రోలరూ మంచిదే.

వ్యాసకర్త ఈ పాత రికార్డుల్ని గర్భగుడిలో విగ్రహాల్లా చూస్తున్నారు. అవి అలా పుట్టలేదు. మైల్స్ డేవిస్ స్టూడియోకి గీతలు గీసుకున్నట్టు బాణీల ఊహలు మాత్రం పట్టుకొచ్చాడని, అవి ఈ బృందం అంతకుముందు వాయించినవి కావని పియానిస్టు బిల్ ఎవాన్స్ ఆ రికార్డు అట్ట మీదే రాశాడు. ఏమవుతుందో తెలియకుండా వాయించారు కాబట్టే అలా వచ్చింది.

1956 న్యూపోర్ట్ జాజ్ ఉత్సవం సంగతి ఇంకా తమాషా. డ్యూక్ ఎలింగ్టన్ బృందంలో పాల్ గోన్సాల్వెస్ టెనార్ శాక్సఫోన్ మీద వరసగా 27 ఆవృత్తాలు వాయించాడు. నల్ల గౌను వేసుకున్న ఒకావిడ లేచి డాన్స్ మొదలుపెట్టింది, ఆవిడతో పాటు జనం ఊగిపోయారు. ఇంత చేసి గోన్సాల్వెస్ వాయించింది రికార్డు కంపెనీ మైకులోకి కాదు, పక్కనున్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులోకి! దాంతో కంపెనీ రికార్డులో ఆయన ఎక్కడో దూరం నుంచి వినిపిస్తాడు. పైగా ఆ ఆల్బమ్‌లో చాలా భాగం మళ్లీ స్టూడియోలో వాయించి చప్పట్లు అతికించిందే. రేడియో వాళ్ల టేపు దొరికాక, రెండూ కలిపి 1999లో అసలు కచేరీని బయటికి తెచ్చారు. రెండు టేపుల్ని అంతసేపు ఒకే నడకలో నడిపించడం ఎంత చాకిరీయో నాకు తెలుసు. ఆ ఇంజినీర్లకి ఇక్కడి నుంచే దండం పెడుతున్నాను.

ఇక నా దృష్టిలో వీటన్నిటికంటే గొప్పది బిల్ ఎవాన్స్ త్రయం 1961 జూన్ 25న విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో వాయించినది. గ్లాసులు టింగుమంటుంటాయి, ఎవరో నవ్వుతుంటారు. ఒక ముక్క మధ్యలో కరెంటు పోయి టేపు ఆగింది కూడా. బేస్ వాయించిన స్కాట్ లఫారోకి 25 ఏళ్లు. ఆయన పియానో వెనక నడవడు, పక్కన నడుస్తాడు, ఒక్కోసారి ముందుకే పోతాడు. పదకొండు రోజుల తర్వాత కారు ప్రమాదంలో పోయాడు. ఆ గ్లాసు చప్పుడు వింటున్నప్పుడల్లా, అక్కడున్నవాళ్లకి ఇది తెలియదు కదా అనిపిస్తుంది.

ఇప్పటివాళ్ల దగ్గరికి వస్తాను. శాక్సఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ పక్కన డ్రమ్స్ వాయించిన రాయ్ హేన్స్ 2024 నవంబరులో 99 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన మనవడు మార్కస్ గిల్మోర్ కూడా డ్రమ్మరే. పియానిస్టు విజయ్ అయ్యర్ త్రయం 2009లో చేసిన ‘హిస్టారిసిటీ’లో వాయించింది ఆ మనవడే. తాతతో రికార్డు చేసిన పియానిస్టు చిక్ కొరియా తర్వాత మనవడితోనూ చేశాడు. తాత దెబ్బ తేలిక, సింబల్ పళ్లెం మీద చినుకు పడ్డట్టు. మనవడు తాళాన్ని ముక్కలు చేసి గాల్లోకి విసిరి, మనం ‘పోయింది’ అనుకునే క్షణానికి పట్టుకుంటాడు. దిగుడంటే ఇదేనా?

కద్రి గోపాల్‌నాథ్ గారు అమెరికా శాక్సఫోన్ వాద్యకారుడు రుద్రేశ్ మహంతప్పతో కలిసి చేసిన ‘కిన్స్‌మెన్’ 2008లో వచ్చింది. వయొలిన్ మన కన్యాకుమారి గారు. ఇద్దరిదీ ఆల్టో శాక్సే, కానీ గమకం పడగానే మన చెవి పెద్దాయన్ని పట్టేస్తుంది. మహంతప్ప ఆయన్ని అనుకరించడు. తన మాటలో తను బదులు చెబుతాడు. నాకు నచ్చింది అదే. వ్యాసంలో ఈ రికార్డు పేరు కూడా లేదు, అది మాత్రం క్షమించలేను.

వ్యాసకర్త కోపంలో సగం న్యాయం లేకపోలేదు. ఈ కాలం వాళ్లకి ఆపడం రాదు. శాక్సఫోన్ వాయించే కామసీ వాషింగ్టన్ 2015లో ‘ది ఎపిక్’ అని మూడు డిస్కులు, దాదాపు మూడు గంటలు విడుదల చేశాడు. మొదటి డిస్కు విని ఎగిరి గంతేశాను, మూడోదానికి వచ్చేసరికి చేతులు కత్తెర కోసం తడుముకున్నాయి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 జూన్ 28న చికాగోలో ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ చేసినప్పుడు రికార్డు ఒక్కో వైపుకి మూడు నిమిషాల చిల్లర మించి పట్టేది కాదు. ఒంటరి ట్రంపెట్‌తో మొదలుపెట్టి, పాడి, చివర్లో ఒకే స్వరాన్ని పట్టుకుని నిలబడి, అంతా అందులోనే ముగించాడు. అంతటి ఆర్మ్‌స్ట్రాంగ్‌కి లేని వెసులుబాటు వీళ్లకి దొరికింది, అదే కొంప ముంచుతోంది.

కత్తెర అంటే గుర్తొచ్చింది. ‘ఇప్పుడంతా కంప్యూటర్లో అతికించే సంగీతం’ అని కూడా వ్యాసంలో ఒక విసురు ఉంది. మైల్స్ డేవిస్ 1969 నాటి ‘ఇన్ ఎ సైలెంట్ వే’ని ఒకసారి జాగ్రత్తగా వినమనండి. రెండో వైపు మొదట్లో వచ్చే భాగమే చివర్లోనూ వస్తుంది. మళ్లీ వాయించింది కాదు, అదే టేపు. నిర్మాత టియో మాసెరో అతికించాడు. ఇప్పుడు మకాయా మెక్‌క్రేవెన్ అనే డ్రమ్మర్ జనం ముందు అప్పటికప్పుడు వాయించినవి రికార్డు చేసుకుని, ఇంటికెళ్లి కోసి కుట్టి 2015లో ‘ఇన్ ద మూమెంట్’ చేశాడు. బ్లేడు పోయి మౌసు వచ్చింది, అంతే కదా.

ఈ కాలపు గాయని సమారా జాయ్ గొంతు గురించి కూడా రాద్దామనుకున్నాను కానీ మీరు నా ఉత్తరానికీ కత్తెర వేస్తారు.

ఒక్క మనవి. ఆ డెక్ యజమాని మీ పాఠకుడై ఉంటే ఆయనకి చెప్పాల్సింది ఒకటుంది. మా అమ్మాయి పోరు పడలేక, ‘సో వాట్’కి సరిపోయేట్టు స్పీడు తగ్గించిన స్క్రూని అలాగే వదిలేశాను. మర్నాడే మీరు వచ్చి డెక్ తీసుకెళ్లారు, హడావిడిలో కేసెట్ బల్ల మీదే ఉండిపోయింది. అంటే మీ మిగతా కేసెట్లన్నీ ఆ రోజు నుంచి కాస్త కింది శ్రుతిలో పాడి ఉంటాయి. ఆ డెక్ ఇంకా ఉంటే పట్టుకురండి, డబ్బులు తీసుకోను. కేసెట్ మాత్రం ఇవ్వలేను, ఏమీ అనుకోకండి.

ఇట్లు,
ఒక పాత టేప్ రికార్డర్ మెకానిక్