జర్మనీ గదికి ఇక్కడి నుంచే అడ్వాన్సా?

సంపాదకులకు,

అక్టోబరు సెమిస్టరుకు పిల్లల్ని జర్మనీ పంపే నెల్లూరు, కావలి, ఒంగోలు తల్లిదండ్రులు వాట్సాప్ ఫొటోలు చూసి, అద్దె తక్కువని గదులకు అడ్వాన్సు పంపేస్తున్నారు. అద్దె కన్నా ముందు అడగాల్సింది ఒకటుంది: ఆ ఇంటి మీద అన్‌మెల్డుంగ్ చేసుకోనిస్తారా?

ఇంట్లో దిగిన రెండు వారాల్లో చిరునామాను అక్కడి నగర కార్యాలయంలో నమోదు చేయించుకోవడమే అన్‌మెల్డుంగ్. దానికి అద్దె ఒప్పందం చాలదు, ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన ధ్రువపత్రం కావాలి. నమోదు కాకపోతే ట్యాక్స్ నంబరు రాదు, రెసిడెన్స్ పర్మిట్ పని కదలదు. 'నమోదు కుదరదు, అందుకే చవక' అనే గది వద్దే వద్దు. పోనీ తెలిసినవాళ్ల అడ్రసు వాడుకుందామా అంటే, ఉండనివాళ్లకు పత్రం రాసిచ్చిన పాపానికి వాళ్లకు 50,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు.

డిపాజిట్ మూడు నెలల 'కాల్ట్‌మీటే' దాటకూడదని చట్టం. అంటే హీటింగు, నీళ్లు, చెత్త ఖర్చులు కలపని ఉత్త అద్దె. దాన్ని మూడు వాయిదాల్లో కట్టొచ్చు, మొదటిది అద్దె మొదలైనప్పుడు. 'ఓనరు వేరే దేశంలో ఉన్నాడు, డబ్బు వేస్తే తాళాలు కొరియర్లో వస్తాయి' అన్నారంటే అది మోసమే.

వీసా కోసం ముందే ఏడాది ఖర్చు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంటులో 11,904 యూరోలు ఉన్నాయిగా అని ధీమా పడతారు. అవి నెలకు 992 చొప్పునే వస్తాయి, అదీ అక్కడ బ్యాంకు ఖాతా తెరిచాకే. డిపాజిట్ వాయిదా, మొదటి అద్దె, పరుపు ఖర్చు ఫారెక్స్ కార్డులో విడిగా ఉండాలి. ఖాళీ ఫ్లాటంటే చాలాచోట్ల పొయ్యి, సింకు కూడా ఉండవు. లైటు ఉండాల్సిన చోట వైరు వేలాడుతుంటుంది.

దిగిన రోజే పోస్టు డబ్బా మీద, బెల్లు మీద పాస్‌పోర్టులోని ఇంటిపేరు అంటించాలి. బ్యాంకు పిన్, ఇన్సూరెన్సు కార్డు, ట్యాక్స్ నంబరు అన్నీ పోస్టులోనే వస్తాయి. డబ్బా మీద పేరు కనబడకపోతే ఉత్తరం తిరిగి వెళ్లిపోతుంది. మీటరు రీడింగులు, తాళాల లెక్క, గోడ మరకలు ఫొటోలతో సహా రాసి, ఇల్లు ఇచ్చినవాళ్లు, దిగినవాళ్లు ఇద్దరూ సంతకం పెట్టుకోవాలి. చలికాలంలో మన వంటల ఆవిరికి గోడలు బూజు పడితే డిపాజిట్లో కోత పెడతారు. కిటికీ కాస్త వాల్చి వదిలేస్తే లాభం లేదు, పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలకు మూసేయాలి. ఖాళీ చేయాలంటే మామూలుగా మూడు నెలల నోటీసు, కాగితం మీద చేతి సంతకంతో. ఈమెయిలు చెల్లదు.

ఫీజు తీసుకుని వీసా దాకా నడిపించే కన్సల్టెన్సీలు ఇంటి సంగతికి వచ్చేసరికి ఒక గ్రూపు లింకు పంపి చేతులు దులుపుకుంటున్నాయి. కనీసం అడ్మిషన్ లెటరు రాగానే, వీసా కోసం ఆగకుండా, స్టూడియరెండెన్‌వెర్క్ (అక్కడి విద్యార్థి సేవా సంస్థ) హాస్టలుకు దరఖాస్తు పెట్టించాలి. అక్కడ వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది.

– ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా